"సింపుల్‌గా ఓ సలాడ్ చాలట!"

"సింపుల్‌గా ఓ సలాడ్ పట్రండి, చాలు." హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో కాపురముంటున్న ఏ ఇల్లాలికైనా ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. సంక్రాంతి అని, కొత్త సంవత్సరం అని, పిల్లల పరీక్షలు అయిపోయాయని, ఒకరు అమెరికా వెళ్తున్నారని, ఇంకొకరు అమెరికా నుంచి మూటాముల్లే సర్దుకుని వచ్చేశారని, ఏదో ఒక వంక. వెంటనే క్లబ్‌హౌసు మాట్లాడెయ్యడం, వాట్సాప్ గ్రూపులో ఓ పట్టిక ప్రత్యక్షం కావడం, అందులో మన పేరుకెదురుగా "స్టార్టర్" అనో "సలాడ్" అనో పడిపోవడం, అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. ఆ "సింపుల్‌గా" అన్న ముక్క మీద నాకు పీకలదాకా కోపం ఉంది. ఆ మాట అనేవాళ్ళలో చాలామంది ఆ సలాడ్‌కి ఒక్క కీరదోసకాయ ముక్కయినా కోసేవాళ్ళు కారు.

ఏమిటా సింపుల్? ఆఫీసులో మీటింగు ముగించుకుని, గచ్చిబౌలి ట్రాఫిక్కులో ఈదుకుంటూ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. పిల్లవాడికి హోంవర్కు, అత్తగారికి ఫలహారం, పొద్దున్న డబ్బాలకి ఏర్పాట్లు. ఈలోగా పట్టిక చూస్తే ఈసారి పార్టీకి "మెడిటరేనియన్ థీమ్" అని రాసి ఉంటుంది. ఇక లెట్యూస్ ఆకుల కోసం వేట. ఆలివ్ కాయలు ఒక కొట్లో, ఫెటా చీజు ఇంకో కొట్లో. ఆ చీజు ముక్కకి పెట్టిన డబ్బుతో కూకట్‌పల్లి రైతుబజారులో రెండు మూడు రోజుల కూరలు వస్తాయి. మర్నాడు తీరా అందరి ముందూ పెడితే, పిల్లలు చీజు ఏరుకుని ఆకులు వదిలేస్తారు. పెద్దలు "చాలా హెల్దీ అండీ" అని మెచ్చుకుని పకోడీల వైపు నడుస్తారు.

అసలు "పాట్‌లక్" అన్న మాటకి అర్థమేమిటో ఈ థీములు పెట్టేవాళ్ళకి ఎవరైనా చెప్పాలి. పదహారో శతాబ్దం చివర్లోనే ఇంగ్లీషులో ఉన్న మాట అది. అనుకోకుండా భోజనాల వేళకి చుట్టం దిగితే, ఆ పూట కుండలో ఏముంటే అదే అతని అదృష్టం. అంతే! తలా ఒక వంట పట్టుకొచ్చే విందుకి ఆ పేరు స్థిరపడింది తర్వాతి కాలంలో, అమెరికాలో. అక్కడికి ఉద్యోగాలకి వెళ్ళిన మనవాళ్ళు అల్యూమినియం ట్రేలతో సహా ఆ అలవాటు నేర్చుకుని, తిరిగొచ్చేటప్పుడు కొండాపూర్‌కీ మాదాపూర్‌కీ మోసుకొచ్చారు. రావడం మంచిదే. కానీ కుండలో ఉన్నదేదో పెట్టడం అనే దాని ప్రాణాన్ని మాత్రం విమానాశ్రయంలోనే వదిలేసి వచ్చారు.

ఆ మాటకొస్తే మనకిది కొత్తా? కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలంటే ఏమిటి? ఒకరింటి నుంచి పులిహోర, ఒకరింటి నుంచి దద్ధోజనం, ఇంకొకరింటి నుంచి పచ్చడి. సద్దుల బతుకమ్మనాడు తెలంగాణలో ఆడవాళ్ళు పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీదముద్దలు పట్టుకెళ్ళి, ఆట అయ్యాక ఒకరికొకరు పంచుకుంటారు. అక్కడ థీములు లేవు, మార్కులు లేవు. ఎవరింటి పులిహోరలో పులుపెక్కువో ఊరందరికీ తెలుసు. అయినా ఆవిడే మళ్ళీ ఏడాదీ పులిహోర తెస్తుంది, అందరూ తింటారు, వెనకాల నాలుగు మాటలనుకుంటారు. ఆవిడ రావడం మాత్రం మానదు.

మానెయ్యడం ఇప్పుడు మొదలయింది. నా కోపమంతా అందుకే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత, రాళ్ళగుట్టలుగా ఉన్న ఈ ప్రాంతంలో ఊళ్ళకి ఊళ్ళే లేచాయి. గుంటూరు, కరీంనగర్, అనంతపురం నుంచే కాదు, ఒడిశా నుంచీ, కేరళ నుంచీ, పంజాబు నుంచీ వచ్చి ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతున్నాం. పక్క ఫ్లాటువాళ్ళ పేరు తెలియకుండా మూడేళ్ళు గడిపెయ్యొచ్చిక్కడ. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి నాలుగు మొహాలు పరిచయమయ్యే దారి ఇలాంటి పార్టీ ఒక్కటే. మా పదో అంతస్తులో ఉండే ఒకమ్మాయి వరసగా మూడు పార్టీలకి "ఆఫీసు కాల్ ఉందండీ" అని తప్పించుకుంది. నాలుగోసారి లిఫ్టులో కనబడితే అడిగాను. "నాకు వంట అంతగా రాదాంటీ. అక్కడ ప్రతి గిన్నెకీ ఫోటోలు తీసి, పక్కన పేరు రాసి గ్రూపులో పెడతారుగా" అంది. చూశారా! పదిమంది ఆడవాళ్ళ బరువు పంచుకోవడానికి పెట్టుకున్న పార్టీ, పదిమందికీ విడివిడిగా పరీక్ష అయి కూర్చుంది.

ఈ పరీక్షలో కాపీలు కొట్టడం కూడా మామూలే. "విధిగా ఇంట్లో చేసినదే తేవాలి" అని నియమం. పాపం, టైము లేని వాళ్ళేం చేస్తారు? హోటలు నుంచి తెప్పించి గాజు గిన్నెలోకి ఒంపుకొస్తారు. ఒకే హోటలు పనీర్ మూడు ఫ్లాట్ల పేర్ల మీద మూడు గిన్నెల్లో ఒకే రంగులో మెరిసిపోతూ ఉంటుంది. తినే మనకీ తెలుసు, తెచ్చిన వాళ్ళకీ తెలుసు. ఎవరూ పైకి అనరు. కొనుక్కొచ్చానని చెప్పుకోవడం నేరమెప్పుడయింది? నేరం మాటెందుకు, కొన్నవాళ్ళని నేను తప్పు పట్టను. నా తగువు ఆ నియమంతోనే.

ఇంకా పెద్ద తగువు మరొకటుంది. ఇంట్లో చేసిందంటారు సరే, ఎవరి చేత్తో చేసింది? నలుగురికి వంట చెయ్యడానికని నెల జీతానికి మాట్లాడుకున్న వంటావిడ, పార్టీ రోజున నలభైమందికి కట్‌లెట్లు వత్తుతుంది. వేయిస్తుంది. డబ్బాలో సర్దుతుంది. క్లబ్‌హౌసులో ఆ గిన్నె పక్కన ఫలానా ఫ్లాటు ఫలానా గారు అని చీటీ. మెచ్చుకోళ్ళన్నీ ఆ చీటీకి. వంటావిడ ఆ సమయానికి ఇంకో రెండిళ్ళ వంట ముగించుకుని షేర్ ఆటోలో ఇంటిదారి పట్టి ఉంటుంది. నలభైమంది వంటకి వేరే డబ్బివ్వాలన్న ఆలోచన ఎంతమందికి వస్తోంది? ఆఫీసులో అదనపు గంటలకి అదనపు జీతం రాలేదని శ్రీవారూ మనమూ కలిసి తిట్టుకుంటాం కదా, మరి ఇదో? పైగా "మా దగ్గర మిగిలినవి పట్టుకెళ్ళమన్నానండీ" అనడం ఒకటి.

మగవారి సంగతి చెప్పలేదు కదూ. పట్టిక మళ్ళీ ఓసారి చూడండి. వంటలన్నిటికెదురుగా ఆడవాళ్ళ పేర్లు. మగవాళ్ళ పేర్లెక్కడా అంటే, మైకు, కుర్చీలు, ఐసుగడ్డలు, కూల్‌డ్రింకులు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని ఖండాంతరాల్లోని బ్యాంకుల లెక్కలు సరిచేసే మహానుభావులకి ఓ నిమ్మకాయ పిండటం చేతకాదంటే నేను నమ్మను. పొయ్యి వెలిగించనక్కర్లేని వంట సలాడ్ ఒక్కటే కదా, దాన్ని వాళ్ళకే వదిలేస్తే సరి. కత్తిపీటతో భయమైతే చాకులున్నాయి.

ఇక ఆరోగ్యం మాట. ఈ పార్టీలకి తెచ్చే సలాడ్లలో సగం మయొనేజ్ పోసి కలిపినవే. 2024 అక్టోబరులో మన హైదరాబాదులోనే మోమోలు తిన్నవాళ్ళు పదుల సంఖ్యలో జబ్బుపడి, ఒకావిడ ప్రాణమే పోయింది. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనేజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. గుడ్డు లేనిదానికి ఆ నిషేధం వర్తించలేదు, నిజమే. కానీ ఉడికించిన బంగాళాదుంపల్లో ఏది కలిపినా, మే నెల ఎండల్లో, ఉపన్యాసాలూ పిల్లల డాన్సులూ అయ్యేదాకా బల్ల మీద పెడితే ఏమవుతుంది? పాడయ్యే స్వభావమున్న పదార్థాలేవీ మామూలు వేడిలో రెండు గంటలు మించి బయట ఉండకూడదనీ, మండుటెండల్లో గంటే హద్దనీ నిపుణులు చెబుతారు. మన గుగ్గిళ్ళకైనా ఇదే చట్టం. కాబట్టి డాన్సులు తర్వాత పెట్టుకోండి, ముందు తిననివ్వండి!

వేపుళ్ళది మరో కథ. మిరపకాయ బజ్జీ బాణలి పక్కన నిలబడి తినాల్సింది. దాన్ని స్టీలు డబ్బాలో మూతపెట్టి పద్నాలుగో అంతస్తు నుంచి కిందికి దింపేసరికి ఆవిరికి మెత్తబడి ముడుచుకుపోతుంది. చాలా క్లబ్‌హౌసుల్లో పొయ్యి వెలిగించనివ్వరు. అందుకే పార్టీకి పనికొచ్చే వంటేదో వండకముందే ఆలోచించాలి.

నన్నడిగితే, ఆ ఆలోచన మన అమ్మమ్మలు ఎప్పుడో చేసిపెట్టారు. శ్రీరామనవమికి చేసే వడపప్పే తీసుకోండి. గ్లాసుడు పెసరపప్పు గంటసేపు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వార్చి, కీరదోసకాయ సన్నగా తరిగి కలిపి, గుప్పెడు కొబ్బరి కోరు, రెండు పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, కాలం కలిసొస్తే పచ్చిమామిడి ముక్కలు. కావాలంటే చారెడు ఇంగువ పోపు, లేకపోయినా లోటు లేదు. దీన్నే కొద్దిపాటి తేడాలతో రాయలసీమలోనూ కన్నడ దేశంలోనూ కోసంబరి అంటారు. చేసే పని పావుగంట. ఒకటే గుట్టు: ఉప్పూ నిమ్మరసం ఇంట్లో కలపకూడదు. కలిపితే కీర నీళ్ళూరి, పార్టీకి వెళ్ళేసరికి సలాడ్ కాస్తా చారయి కూర్చుంటుంది. చిన్న సీసాలో విడిగా పట్టుకెళ్ళి అక్కడ కలపాలి.

శ్రావణమాసంలో వాయనాలకి నానబెట్టే శనగలున్నాయి. రాత్రి నానబోసి, పొద్దున్న కుక్కరులో మెత్తబడనిచ్చి, సాయంత్రం ఎండుమిర్చి పోపు వేస్తే శాతాళింపు. దసరా బొమ్మల కొలువు పేరంటాల్లో పళ్ళేల కొద్దీ పంచిన స్టార్టర్ అదే కదండీ! మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు, కారం, నిమ్మరసం కలిపితే పిడతకింద పప్పుకి చెల్లెలి వరస. సరంజామా అంతా విడివిడి డబ్బాల్లో తీసుకెళ్ళి బల్ల దగ్గరే కలిపిస్తూ ఉండొచ్చు, పిల్లల్ని సాయం పెట్టుకుంటే వాళ్ళకీ ఆటే. ఓపిక ఉన్న రోజున వరంగల్లు వాళ్ళ సర్వపిండి చేసుకోండి, చల్లారినా రుచి చెడదు. మా అమ్మ బీరువాలో ఉన్న మాలతీ చందూర్ గారి "వంటలు - పిండివంటలు" పుస్తకం అట్టలూడి, మధ్య పేజీలు నూనె మరకలతో పసుపెక్కిపోయింది. అట్టలూడేదాకా వాడిన పుస్తకం మన ఇళ్ళల్లో ఇంకెన్ని ఉన్నాయి?

"వడపప్పు పార్టీకి పట్టుకెళ్తే నవ్వరూ?" అంటారు మీరు. నవ్వితే నవ్వనివ్వండి. అదే బల్ల మీద హమ్మస్ పెడితే నాజూగ్గా వేలితో తీసి తింటారు కదా, అందులో ఏముంది? నానబెట్టి ఉడికించి రుబ్బిన కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి. అరబ్బు దేశాల అమ్మమ్మల ఇంటివంట అది. వాళ్ళు తమ శనగల్ని ప్రపంచమంతా గర్వంగా తిప్పుకుంటుంటే, మన శనగలు మాత్రం పూజగదిలోంచి బయటికి రావడానికి సిగ్గుపడాలా? హమ్మస్ మీద నాకు కక్ష ఏమీ లేదు. చేసుకోవాలని సరదా ఉన్నవాళ్ళు చేసుకోండి, నేనూ తింటాను.

ఈసారి మీ అపార్టుమెంటు పట్టిక రాసేవాళ్ళకి మాత్రం గట్టిగా చెప్పండి. థీములొద్దు. గిన్నెల పక్కన పేర్లొద్దు, ఫోటోలొద్దు. కొన్నది కొన్నదే అని చెప్పి తేవచ్చు, అరటిపళ్ళ హస్తమైనా సరే. ప్రతి ఇంటి నుంచీ ఒక వంటకం అంటే ఆ ఇంట్లో ఎవరైనా చెయ్యొచ్చు. వంటావిడ చేత చేయించినవాళ్ళు ఆవిడకి ఆ పూట డబ్బు విడిగా ఇవ్వాలి, ఆవిడ వస్తానంటే అందరితోపాటు ఒక పళ్ళెమూ పెట్టాలి. మా గ్రూపులో ఈ ముక్కలన్నీ నేను రాసి పెట్టాను. పదకొండు బొటనవేళ్ళూ, రెండు చప్పట్లూ వచ్చాయి. కింద ఎవరో శ్రీవారు "మరి సలాడ్ ఎవరు తెస్తున్నారు?" అని అడిగారు. "మీరే" అని రాశాను.