రెమిషన్ తర్వాత మళ్లీ కీమోనా?

ఆరో సైకిల్ పూర్తయింది. రక్తంలో సీఏ-125 అనే క్యాన్సర్ సూచిక వందల నుంచి 35 లోపుకు దిగింది. స్కాన్‌లో గడ్డ జాడ లేదు. ‘ఇంకో ఏడాది ఇస్తే మళ్లీ రాదు కదా డాక్టరుగారూ?’ అని ఇంటివాళ్లు అడుగుతారు. ముదిరాక బయటపడే అండాశయ క్యాన్సర్ మొదటి చికిత్సకు లొంగినా, ఎక్కువమందిలో తిరగబెడుతుంది. కాబట్టి వాళ్లు అలా అడగడంలో తప్పులేదు. ఆ భయానికి జవాబుగా అందరికీ కీమో పొడిగించడమే తప్పు.

ఈ ఆశకు బలమిచ్చింది అమెరికాలో జరిగిన ఒక ట్రయల్. రెమిషన్ వచ్చినవారిలో కొందరికి నెలకోసారి చొప్పున పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మూడు డోసులు, మరికొందరికి పన్నెండు డోసులు ఇచ్చారు. వ్యాధి మళ్లీ కనిపించడానికి పట్టిన మధ్యస్థ కాలం మొదటివారిలో 21 నెలలు, రెండోవారిలో 28 నెలలు. 277 మంది చేరేసరికే ట్రయల్ ఆపేసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆయుష్షు పెరిగిందా అన్నది మాత్రం తేలలేదు.

అది తేలేసరికి 2022 వచ్చింది. ఈసారి మరో ట్రయల్‌లో 1,157 మందిని పరీక్షించారు. ఏ మందూ ఇవ్వకుండా కనిపెట్టి చూసినవారిలో సగం మంది 54.8 నెలలు దాటి బతికారు. ఏడాదిపాటు పాక్లిటాక్సెల్ తీసుకున్నవారిలో ఆ కాలం 51.3 నెలలు. అదే మందును మరో రూపంలో ఇచ్చిన మూడో బృందంలోనూ ఆయుష్షు పెరిగిందనడానికి గట్టి రుజువు దొరకలేదు.

తిరగబెట్టడం కొన్ని నెలలు వెనక్కి జరిగినా మేలే కదా అనే వాదన ఉంది. ఆ నెలలు హాయిగా గడిస్తే మేలే. కానీ పాక్లిటాక్సెల్ నరాలను దెబ్బతీస్తుంది. వేళ్లు మొద్దుబారి జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమవుతుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. అప్పుడే మొలుస్తున్న జుట్టు మళ్లీ రాలుతుంది.

పొడిగింపు ఫలించిన చోటు వేరే ఉంది. 2018లో వెలువడిన సోలో-1 ట్రయల్‌లో బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న 391 మంది పాల్గొన్నారు. ఓలాపరిబ్ మాత్రలను రెండేళ్ల వరకు ఇచ్చారు. ఏడేళ్ల తర్వాత ఆ మాత్రలు వేసుకున్నవారిలో 67 శాతం, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలో 46.5 శాతం సజీవంగా ఉన్నారు. ఈ మాత్రలతోనూ రక్తహీనత, వికారం వస్తాయి. అయినా ఎవరికి మేలు చేస్తుందో ముందే తెలుసుకుని ఇచ్చే మందు ఇది.

అందుకే పాక్లిటాక్సెల్ పొడిగింపును రొటీన్‌గా రాయడం ఆపాలి. అడిగిన రోగికి ఈ అంకెలన్నీ తెలుగులో విప్పి చెప్పాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఈ రోగులందరికీ బీఆర్‌సీఏ పరీక్ష, లోపం ఉన్నవారికి మాత్రల ఖర్చు భరించాలి. మొదటి కీమో నడుస్తుండగానే రిపోర్టు చేతికందాలి. అదే లోపం ఉండే వీలున్న కూతుళ్లనూ అక్కచెల్లెళ్లనూ పిలిచి పరీక్షించడానికి ఆ రిపోర్టే ఆధారం.