తప్పు దంపతులది కాదు

సంపాదకులకు,

దత్తత ఆలస్యానికి దంపతుల గొంతెమ్మ కోరికలే కారణమన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. మా చెల్లెలూ మరిదీ దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు చేసుకుని ఏళ్లు గడిచాయి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా సరేనన్నారు. గృహ అధ్యయనానికి వచ్చినవారు వంటగది దాకా చూసి నివేదిక రాసుకెళ్లారు. మా చెల్లెలు ఇప్పటికీ పొద్దున్నే ఫోన్‌లో సీనియారిటీ సంఖ్య చూసుకుంటుంది.

అసలు చిక్కు వేరు. ఎదురుచూసేవారు వేలల్లో ఉంటే, దత్తతకు చట్టబద్ధంగా అర్హత పొందిన పిల్లలు చాలా తక్కువ. వదిలేసిన పిల్లల విషయంలో శిశు సంక్షేమ కమిటీ వారు దత్తతకు అర్హులన్న ప్రకటనను రెండేళ్లలోపు వారికి 2 నెలల్లో, ఆపైవారికి 4 నెలల్లో చేయాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఆ గడువులు కచ్చితంగా అమలు చేయాలి. ఎదురుచూస్తున్న దంపతులకూ ఒక మాట: విసిగి దళారులను ఆశ్రయించకండి. పిల్లల్ని కొనడం జైలుశిక్ష పడే నేరం.

– ఒక పాఠకురాలు, ఖమ్మం