హాజరుపట్టీలో పేరుంది, పిల్లవాడేడీ?

2022 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ఉత్తీర్ణత 67.26 శాతం. బాలురది 64.02 శాతమే. వెంటనే పాత నింద మళ్లీ లేచింది: ముస్లింలకు చదువు మీద శ్రద్ధ లేదట!

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు ఈ పిల్లలు ఎనిమిదో తరగతి. అప్పుడు వయసు 13. పదికి వచ్చేసరికి 15. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లకే ముగుస్తుంది. సరిగ్గా కష్టకాలంలోనే చట్టం వారి చేయి వదిలేసింది.

సప్తగిరి ఛానల్‌లో పాఠాలు చెప్పించామన్నారు. ఒక్క గదిలో ఆరుగురు బతికే ఇంట్లో పుస్తకం తెరిచే చోటేది? ఉన్న ఒక్క ఫోనూ అబ్బా వెంట పనికి పోతే ఆన్‌లైన్ తరగతి ఎవరికి? మదనపల్లె కుర్రాడు టమాటా మండీలో బుట్టలెత్తాడు. పుంగనూరు కుర్రాడు మెకానిక్ షెడ్డులో చేరాడు. కుప్పం కుర్రాడు బెంగళూరు రైలెక్కాడు. 2021 ఆగస్టు 16న బడులు తెరిచేనాటికి ఆ కూలి మీదే ఇల్లు నడుస్తోంది.

అలాంటి పిల్లలకోసం మాస్కు కట్టుకుని గడప గడపా తిరిగిన ప్రధానోపాధ్యాయులున్నారు. ప్రభుత్వం వారినడిగింది మాత్రం మరుగుదొడ్ల ఫొటోలు!

మన తప్పూ ఉంది. రేషన్ కిట్లు పంచాం, మంచిదే. ఏ మసీదు కమిటీ అయినా బడి మానిన కుర్రాళ్ల జాబితా రాసిందా?

2020 మార్చి నాటి హాజరుపట్టీ తీసి, పేరు పేరునా లెక్క చెప్పమని మండల విద్యాధికారులను నిలదీయాలి. దొరికిన ప్రతి పిల్లవాడికీ ఓపెన్ స్కూల్ ఫీజు ప్రభుత్వమే కట్టాలి.