తెలంగాణ వచ్చింది, పీడీ యాక్టు పోలేదు

ఇంగ్లండులో చాలా ఏళ్లుగా ఉంటున్న మనవాళ్లకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. 2005 నవంబరులో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం పార్లమెంటును ఒక కోరిక కోరింది. ఉగ్రవాద కేసుల్లో అనుమానితుడి మీద నేరారోపణ చేయకుండానే 90 రోజులు నిర్బంధంలో ఉంచుకునే అధికారం ఇవ్వాలని. అప్పటికి నాలుగు నెలల కిందటే లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. ఊరంతా భయంగా ఉంది, జనం కోపంగా ఉన్నారు. అయినా సభ 322 - 291 ఓట్లతో కుదరదు పొమ్మన్నది. సొంత పార్టీ వాళ్లే అడ్డం తిరిగారు. చివరికి 28 రోజులతో సరిపెట్టుకున్నారు. 2008లో గోర్డన్ బ్రౌన్ 42 రోజులు కావాలని మళ్లీ వస్తే కింది సభలో తొమ్మిది ఓట్లతో గట్టెక్కింది గానీ పై సభలో 309 - 118 తో బోల్తా కొట్టింది. 2011 నుంచి ఉగ్రవాద కేసుల్లో కూడా 14 రోజులే. మామూలు నేరాల్లో 24 గంటలు. ఎంత పెంచినా, అదీ మేజిస్ట్రేటు ఒప్పుకుంటేనే, 96 గంటలు.

తెల్లవాళ్ల న్యాయాన్ని నెత్తిన పెట్టుకోవడానికి ఇది చెప్పడం లేదు. విచారణ లేకుండా మనిషిని లోపల వేసే విద్య మనకు నేర్పింది వాళ్లే. రౌలట్ చట్టం ఎవరిది? పైగా ఇక్కడి నేరారోపణ, మన చార్జిషీటు ఒకటి కావు. ఇక్కడ నేరారోపణ చేసినాక కూడా దర్యాప్తు నడుస్తుంది. మన దగ్గర చార్జిషీటు అంటే పోలీసు తన దర్యాప్తు ముగించి కోర్టుకు లెక్క అప్పజెప్పడం. కాబట్టి 14నూ 90నూ పక్కపక్కన పెట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. నాకు నచ్చింది వేరే. ఒక మనిషిని ఎన్ని రోజులు ఊరికే లోపల పెట్టొచ్చు అన్న ఒక్క ప్రశ్న మీద ఒక ప్రధానమంత్రి ఓడిపోయాడు. మన అసెంబ్లీలో ఈ ప్రశ్న మీద ఏ ప్రభుత్వమైనా ఇబ్బంది పడ్డ రోజు నాకైతే గుర్తు లేదు.

మన దగ్గర లెక్క ఏమిటో ముందు చూద్దాం. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, రాజ్యాంగం 22వ అధికరణం ఆ మాట చెప్తుంది. (మన పోలీసులకు ఎత్తుకపోవడం ఒక రోజు, అరెస్టు చూపించడం ఇంకో రోజు. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి వాళ్ల జీవితాల్లో సగం ఈ రెండు రోజుల మధ్య మాయమైన మనుషుల కోసం హెబియస్ కార్పస్ పిటిషన్ల మీదే గడిచింది.) మేజిస్ట్రేటు రిమాండుకు పంపిన రోజు నుంచి గడువు మొదలు. మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లూ ఆపైన శిక్షో పడే నేరమైతే 90 రోజులు, మిగతావాటికి 60. ఆ లోపల చార్జిషీటు పడకపోతే బెయిలు నిందితుడి హక్కు. నేరం ఎంత పెద్దదైనా జడ్జి కాదనడానికి లేదు. రిమాండు చేసిన రోజును కూడా లెక్కలో కలుపుకోవాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

అయితే ఈ హక్కు దానంతట అదే నడిచొచ్చేది కాదు. అడగాలి. 91వ రోజు పొద్దున అడగకుండా ఊరుకుంటే, పోలీసులు సాయంత్రం చార్జిషీటు వేస్తే హక్కు పోయినట్టే. దీని దెబ్బ ఎట్లా ఉంటుందో మన వరంగల్ మనిషి కేసులోనే చూశాం. భీమా కోరేగావ్ కేసులో పెట్టింది ఊపా, అంటే యూఏపీఏ చట్టం. అందులో కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల గడువు 180 దాకా సాగుతుంది. ఆ గడువు పెంచిన కోర్టుకు ఆ అధికారమే లేదని బాంబే హైకోర్టు 2021 డిసెంబరు 1న చెప్పి సుధా భరద్వాజ్ కు బెయిలు ఇచ్చింది. అదే రోజు, అదే కేసులో, వరవరరావుకూ మరో ఏడుగురికీ ఇవ్వలేదు. కారణం? ఆమె సమయానికి దరఖాస్తు పెట్టుకుంది, వీళ్లు పెట్టుకోలేదట. తప్పు కోర్టుదే అయినా, చెయ్యెత్తి అడగనందుకు శిక్ష మాత్రం లోపలున్న వాళ్లకు. ఇక్కడ కూర్చుని ఊళ్లో తమ్ముడికో బావకో వకీలును మాట్లాడేవాళ్లు రిమాండు తేదీ రాసిపెట్టుకుని రోజులు లెక్కబెట్టడం అందుకే ముఖ్యం.

2024 జులై నుంచి సీఆర్పీసీ పోయి కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 60, 90 అలాగే ఉన్నాయి. కానీ పాత పద్ధతిలో పోలీసు కస్టడీకి ఇచ్చే 15 రోజులూ మొదటి పక్షంలోనే అయిపోవాలి. ఇప్పుడు ఆ 15 రోజులను ముక్కలు చేసి, గడువును బట్టి మొదటి 40 రోజుల్లోనో 60 రోజుల్లోనో ఎప్పుడైనా అడగొచ్చు. జైలుకు పోయినవాడు ఇక స్టేషను మెట్లు ఎక్కక్కర్లేదు అన్న చిన్న ధైర్యం కూడా తీసేశారు.

ఇంతవరకు చెప్పిందంతా గడువు ఉన్న జైలు గురించి. నా బాధ గడువు గోల అసలే లేని జైలు గురించి. అదే పీడీ యాక్టు.

రాజ్యాంగం 22వ అధికరణం ఒక చేత్తో ఇచ్చిన 24 గంటల హామీని మూడో క్లాజులో ఇంకో చేత్తో లాక్కుంటుంది. ముందస్తు నిర్బంధం కింద పట్టుకున్నవాడికి ఆ హామీ వర్తించదు. మన దగ్గర ఇది నడిచేది 1986 నాటి చట్టం కింద. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో సారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారులు వగైరాల కోసమని తెచ్చారు. పోలీసు కమిషనరో కలెక్టరో సంతకం పెడితే చాలు. చార్జిషీటు ఉండదు, సాక్షి ఉండడు, విచారణ ఉండదు. 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, మూడు వారాల్లో సలహా మండలికి పంపాలి. ఆ మండలి ముందు వకీలును పెట్టుకునే హక్కు నిర్బంధితుడికి లేదు. చదువు రానివాడు, జేబులో పైసా లేనివాడు ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడి తాను భవిష్యత్తులో నేరం చేయబోనని నిరూపించుకోవాలి. మండలి సరే అంటే మొత్తం 12 నెలలు. హత్య కేసులో పట్టుబడినవాడికి 90 రోజుల తర్వాత చార్జిషీటు ఏదీ అని అడిగే హక్కు ఉంది. గొలుసు దొంగతనం చేశాడని పీడీ యాక్టు పెట్టినవాడికి ఏడాదంతా ఆ హక్కు లేదు.

పీడీ అన్న మాట మన ఇళ్లలో కొత్తది కాదు. 1969లో మర్రి చెన్నారెడ్డితో సహా తెలంగాణ నాయకులను కేంద్రం చేసిన ముందస్తు నిర్బంధ చట్టం కిందే పట్టుకుపోయి రాజమండ్రి జైల్లో పెట్టారు. ఏ కోర్టూ వాళ్లను దోషులనలేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలనడం నేరమని ఏ చట్టంలోనూ లేదు కాబట్టి చార్జిషీటు రాయడం కష్టం, పీడీ పెట్టడం సులువు. అప్పటి కథలు వింటూ పెరిగిన వాళ్లమే మనం. పరాయి పాలకులు మనల్ని ఎట్లా తొక్కారో చెప్పమంటే వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పేవాళ్లం, ఆ లెక్కలో పీడీ యాక్టు కచ్చితంగా ఉండేది.

మరి 2014 జూన్ 2 తర్వాత ఏం చేశాం? ఆ 1986 చట్టం పేరులో ఆంధ్రప్రదేశ్ తీసి తెలంగాణ అని పెట్టుకున్నాం. అంతటితో ఆగామా? 2018 నాటికి దాంట్లోకి నకిలీ విత్తనాలు, పురుగుమందులు, ఎరువులు, కల్తీ ఆహారం, దొంగ దస్తావేజులు, అడవి నేరాలు, జూదం, సైబరు నేరాలు, ఆర్థిక నేరాలు అన్నీ కుక్కారు. ఇప్పుడు ఆ చట్టం పేరే నాలుగు లైన్లు ఉంటుంది, ఒక్క ఊపిరిలో చదవలేం. 2023 చివర్లో ప్రభుత్వం మారింది, చట్టం మాత్రం కదల్లేదు. ఈ విషయంలో గులాబీకీ మూడు రంగులకూ తేడా వెతకడం వృథా.

సుప్రీంకోర్టు చెప్పీ చెప్పీ అలిసిపోయింది. 2021లో బంకా స్నేహశీల కేసులో, బెయిలు వస్తే నచ్చక పీడీ పెట్టారని తేల్చింది. బెయిలు రద్దు కావాలంటే పై కోర్టుకు పోవాలి, అది పద్ధతి. 2022లో మల్లాడ శ్రీరామ్ కేసులో, ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులను గడిచిన ఐదేళ్లలో తామే ఐదుకు పైగా కొట్టేశామనీ, ఒక్క ఏడాదిలో తెలంగాణ హైకోర్టు కనీసం పది కొట్టేసిందనీ లెక్క చూపించి మరీ తిట్టింది. 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసు, 2024 మార్చిలో నేనావత్ బుజ్జి కేసు, మళ్లీ అదే మాట. శాంతిభద్రతల సమస్య వేరు, సమాజం మొత్తాన్ని కుదిపే ప్రజా వ్యవస్థ సమస్య వేరు, రెండూ కలపొద్దని. ఇది కొత్త సూత్రమేం కాదు. 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులోనే చెప్పారు. మన కమిషనరేట్లకు మాత్రం ఇంకా చేరలేదు.

నకిలీ విత్తనాలు అమ్మి రైతుల కొంపలు ముంచినవాడి మీద జాలేమిటి అని అడిగేవాళ్లున్నారు. మా చుట్టాల్లోనే ఉన్నారు. వాడి మీద నాకు జాలి లేదు. అయితే పీడీ పెట్టి ఏడాది లోపల ఉంచితే ఏం జరుగుతుంది? ఏడాది తర్వాత వాడు మచ్చ లేకుండా బయటకు వస్తాడు. వాడు దోషి అని ఏ కోర్టూ అనదు, ఆ నిర్బంధం వల్ల రైతుకు ఒక్క పైసా నష్టపరిహారం రాదు. ల్యాబు రిపోర్టు తెప్పించి, సాక్షులను నిలబెట్టి, శిక్ష పడేలా చూడటం పోలీసుకు కష్టమైన పని. పీడీ యాక్టు ఆ పని ఎగ్గొట్టడానికి దొరికిన దారి.

గిట్టనివాళ్ల విషయంలోనూ మన లెక్క మారకూడదు. 2022 ఆగస్టు 25న ఎమ్మెల్యే రాజాసింగ్ మీద పీడీ పెట్టారు. ఆయన మాటలను నేను ఏ రోజూ సమర్థించలేదు. ఆ మాటలకు చట్టంలో సెక్షన్లున్నాయి, కేసు నడిపి శిక్ష వేయించాల్సింది. నవంబరు 9న హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. వెనక పెద్ద వకీళ్లు ఉన్న ఎమ్మెల్యేకే రెండున్నర నెలలు పట్టింది. పాతబస్తీ మెకానిక్కు, తండా పిల్లగాడికి ఎన్నాళ్లు పడుతుందో ఆలోచించండి. చాలామంది కేసు విచారణకు వచ్చేసరికే ఏడాది నిండుతుంది.

మన నాయకులు లండన్, డల్లాస్, దుబాయ్ వస్తారు. మనం హాలు మాట్లాడతాం, శాలువాలు కప్పుతాం, బతుకమ్మ ఆడతాం, పెట్టుబడుల గురించి ఉపన్యాసం వింటాం. ఈసారి వచ్చినప్పుడు, అధికారంలో ఉన్నవాళ్లనైనా ప్రతిపక్షం వాళ్లనైనా, రెండు అంకెలు అడుగుదాం. 2014 నుంచి ఏడాదికి ఎంతమంది మీద పీడీ యాక్టు పెట్టారు? అందులో కోర్టులు కొట్టేసినవి ఎన్ని? ఆ రెండు అంకెలూ ఏటా అసెంబ్లీ ముందు పెడతామని మాట ఇస్తేనే శాలువా.