స్కోరు వస్తే మందు వచ్చినట్టేనా?

ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టులు పంచేటప్పుడు హాస్టల్ విద్యార్థులమైన మాకు ఎక్కువగా దక్కేది డాకింగ్. ల్యాబులో చేసే ప్రాజెక్టుకు రసాయనాలు, ఎంజైములు కొనాలి. ఆ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు అటు వెళ్తారు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియని మేము కంప్యూటర్ ముందు కూర్చుంటాం. దీన్ని 'డ్రై ల్యాబ్' అంటారు. మా జేబులూ డ్రైయే కాబట్టి సరిపోయిందని మా రూమ్మేట్ అంటుంటాడు.

డాకింగ్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. మందుల పరిశోధనలో మనలాంటి వాళ్లకు డబ్బు లేకుండా తెరిచి ఉన్న తలుపు ఇదే. ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో 7 నిర్మాణాలతో మొదలై నేడు 2 లక్షలు దాటింది. అందులో ఏదైనా ఉచితంగా తీసుకోవచ్చు. 2010లో వచ్చిన ఆటోడాక్ వీనా కూడా ఉచితమే, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఆ తలుపులోంచి మనం లోపలికి ఎలా వెళ్తున్నామన్నదే మా బాధ.

సైన్సు చదవని తమ్ముళ్ల కోసం కొంచెం చెప్తాం. రోగం తెచ్చే క్రిమిలోనో మన ఒంట్లోనో ఒక ప్రోటీన్ ఉంటుంది. దానికొక గుంట ఉంటుంది. ఆ గుంటలో సరిగ్గా కూర్చునే చిన్న అణువు దొరికితే ప్రోటీన్ పని ఆగుతుంది. చాలా మందులు అలాగే పని చేస్తాయి. 1894లో ఎమిల్ ఫిషర్ దీన్ని తాళం, తాళంచెవితో పోల్చాడు. పాతబస్తీలో ఉండే మనకు అంతకంటే మంచి పోలిక లాడ్ బజారులో దొరుకుతుంది. మట్టిగాజు తొడిగే మనిషి చేతిని మెత్తగా నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, తిప్పుతూ ఎక్కిస్తాడు. గాజు మారదు, చెయ్యే సర్దుకుంటుంది. ప్రోటీన్ కూడా అలా సర్దుకుంటుందని 1958లో కోష్లాండ్ చెప్పాడు. మనం వాడే ప్రోగ్రాములు మాత్రం మామూలుగా చేతిని రాయిలా కదలకుండా ఉంచి, గాజునే వేల రకాలుగా తిప్పి, వంచి చూస్తాయి. ప్రతి భంగిమకూ ఒక స్కోరు వేస్తాయి.

ఆ స్కోరు దగ్గరే చిక్కంతా. తులసిలోంచో వేపలోంచో ఒక అణువును తీసుకుని, ఒక ప్రోటీన్‌లో పెట్టి, 'మైనస్ 9.2 వచ్చింది, కాబట్టి ఇది మందు కాగలదు' అని రాసి బైండింగ్‌కు ఇచ్చేస్తున్నాం. డబ్బు తీసుకుని రంగుల బొమ్మలతో సహా రిపోర్టు చేసి ఇచ్చే చోట్లు కూడా నగరంలో ఉన్నాయి. ఈ లెక్కల్లో 2 కిలోక్యాలరీల తప్పు మామూలు. సుమారు 1.4 కిలోక్యాలరీల తేడా అంటేనే అణువు పట్టులో పది రెట్ల తేడా. అంటే మైనస్ 9.2కూ మైనస్ 8.5కూ తేడా ఉందని గట్టిగా చెప్పడానికి లేదు. పైగా అణువు పెద్దదైతే చాలు, స్కోరు దానంతటదే పెరుగుతుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇలాంటి వ్యాసాలు ప్రపంచమంతా కుప్పలు పడ్డాయి. వాటిలో రోగి దాకా వెళ్లినవి ఎన్ని?

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి, దాన్నే కొద్దిగా మార్చి మెథోట్రెక్సేట్ దాకా వెళ్లింది. అప్పటికి డాకింగ్ లేదు, ప్రోటీన్ బొమ్మా లేదు. 1948లో ఆయన పోయారు. 1970ల చివరలో ఆ మందు ప్రోటీన్‌లో కూర్చున్న తీరు స్ఫటికాల ద్వారా బయటపడింది. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ చూడ్డానికి కవలలు. ఒకేలా కూర్చుంటాయని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే మెథోట్రెక్సేట్ తలభాగం తిరగబడి ఉంది! కొత్త డాకింగ్ ప్రోగ్రాములను పరీక్షించడానికి ఈ జంటనే ఎన్నోసార్లు వాడారు. మందును బయటికి తీసి, మళ్లీ పెట్టమంటే పాత చోటుకు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వస్తుందా? మన ప్రోటీన్‌తో ఈ పరీక్ష చేయడానికి ఒక పూట చాలు. చాలా రిపోర్టుల్లో అదే కనబడదు.

ఇంకో ఉదాహరణ మన ఊళ్లలో అందరికీ తెలిసిన టీబీ బిళ్ల, ఐసోనియాజిడ్. 1952 నుంచి వాడుకలో ఉంది. 17 పరమాణువుల బుల్లి అణువు. దాన్ని ఉన్నదున్నట్టుగా 'ఇన్హా' అనే ప్రోటీన్‌లో డాక్ చేస్తే గొప్ప స్కోరేమీ రాదు. ఎందుకంటే క్రిమిలోని ఇంకో ఎంజైము దాన్ని ముందు మారుస్తుంది, అది ఎన్ఏడీతో అతుక్కుంటుంది, ఆ జంట వెళ్లి గుంటలో కూర్చుంటుంది. స్కోరునే నమ్ముకుంటే లక్షల ప్రాణాలు నిలిపిన మందును చెత్తబుట్టలో వేసేవాళ్లం.

మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం. ఇది తప్పురా అని ముందే చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. ఇంటర్వ్యూలో 'ఈ స్కోరు నిజమని ఎలా నమ్మావు?' అని అడిగినప్పుడు గొంతు పెగలక బయటికి వస్తే, పోయేది ఒక్కరి ఉద్యోగం కాదు. హాస్టల్ పిల్లలు ఇంతే అనే మాట మిగులుతుంది.

తప్పంతా మనదే అనడం కూడా అన్యాయం. లెక్క మాకిచ్చి, సరిచూసే ల్యాబు ఇంకొకరికిస్తే లెక్క లెక్కగానే ఉండిపోతుంది. మూసీ దాటితే తార్నాకలో 1944లో మొదలైన ఐఐసీటీ ఉంది, హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. 2008లో సీఎస్ఐఆర్ 'ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ' పేరుతో టీబీ మందుల వెతుకులాటను విద్యార్థులకూ తెరిచింది. ఇప్పుడు మాకు కావలసింది అలాంటిదే, ఇంకా చిన్నది, ఇంకా దగ్గరది.

ఈ సంచిక చదువుతున్న అన్నల్లో, అక్కల్లో మందుల కంపెనీల్లో, ల్యాబుల్లో పని చేస్తున్నవాళ్లున్నారు. వీలైతే ఒక ఆదివారం హాస్టల్‌కు రండి. మా జాబితాల్లోంచి రెండు మూడు అణువులు పరీక్షకు పెట్టించండి. పని చేయకపోతే చేయలేదనే రాసివ్వండి, థీసిస్‌లో అదే పెట్టుకుంటాం.