ఊరి కథకు బడి గొంతు
విద్యార్థుల పాడ్‌కాస్ట్‌లకు లైసెన్సు అక్కర్లేదు.. జాగ్రత్తలే ప్రధానం
దారి చూపుతున్న మాచునూర్ అనుభవం

చేతిలో ఫోను, ఎదురుగా ఊరి పెద్ద, అడగడానికి నాలుగు ప్రశ్నలు. పాఠశాల విద్యార్థులు తమ ఊరి గురించి శ్రవ్య కార్యక్రమం రూపొందించడానికి నేడు ఇంతకు మించి పెద్దగా అవసరం లేదు. పాడ్‌కాస్ట్‌గా పిలిచే ఈ కార్యక్రమానికి ప్రసార కేంద్రం, తరంగాల కేటాయింపు, ప్రభుత్వ లైసెన్సు వంటివేవీ అక్కర్లేదు. కూర్పునకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగానే దొరుకుతోంది. అయితే సాధనం సులువైనంత మాత్రాన పని సులువు కాదు. ఎవరి మాట నమోదు చేయాలి, విన్నది నిజమేనని ఎలా తేల్చుకోవాలి, చివరకు దాన్ని ఎవరికి వినిపించాలి? ఈ మూడింటికీ సమాధానం వెతుక్కోని బడికి మిగిలేది ఫోనులో ఒక ఫైలు మాత్రమే.

పదేళ్ల నిరీక్షణ

ఈ అవకాశం విలువ తెలియాలంటే సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలోని మాచునూర్‌ను గుర్తు చేసుకోవాలి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో, యునెస్కో తోడ్పాటుతో 1998లోనే అక్కడ రేడియో కేంద్రం సిద్ధమైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినా, సామాన్యుల చేతికి అవి అందలేదు. కేంద్రం 2002లో విద్యా సంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో నడుపుకునే వీలు కల్పించింది. సంఘం రేడియో 2008 అక్టోబరు 15న గాలిలోకి వెళ్లింది. అంతవరకు దళిత మహిళలు తమ మాటలను, పాటలను, విత్తనాల ముచ్చట్లను టేపుల్లో నమోదు చేసి, సంఘం సమావేశాల్లో వినిపిస్తూ వచ్చారు.

ఆ మహిళలు పదేళ్లు ఎదురుచూసిన అవకాశం ఇప్పుడు ఎనిమిదో తరగతి విద్యార్థికి అడగకుండానే అందింది. దాన్ని దేనికి వాడాలన్నదే ప్రశ్న.

కప్పిపుచ్చని కథే గెలిచింది

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహా నగరంలోని ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు 2005లోనే ‘రేడియో విల్లోవెబ్’ పేరిట పాడ్‌కాస్ట్‌లు రూపొందించారు. ఆ దేశపు ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ 2019లో విద్యార్థులకు తొలిసారి జాతీయ స్థాయి పోటీ నిర్వహించింది. ఉన్నత పాఠశాలల విభాగంలో టెన్నెసీ రాష్ట్రంలోని ఎలిజబెత్‌టన్ విద్యార్థులు విజేతలయ్యారు. పొరుగునున్న ఎర్విన్ పట్టణంలో 1916లో మేరీ అనే సర్కస్ ఏనుగును రైల్వే క్రేనుకు వేలాడదీసి చంపారు. వందేళ్లు దాటినా ఆ మచ్చ ఆ ఊరిని వదలలేదు. పిల్లలు ఆ సంఘటనతోనే ఆగిపోలేదు. ఏనుగు బొమ్మలను వేలం వేసి, ఏనుగుల సంరక్షణ కేంద్రానికి విరాళమిస్తూ ఆ పట్టణం తన పేరును తిరిగి నిలబెట్టుకుంటున్న తీరునూ వినిపించారు.

ఊరిని పొగడటం ఒక్కటే ఊరి కథ కాదని ఈ ఉదాహరణ చెబుతోంది. గుడి, జాతర, పుట్టిన ప్రముఖుల జాబితాతో సరిపెడితే అది స్వాగత ఉపన్యాసమే అవుతుంది. ఏ వాడకు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి, ఏ బావి దగ్గర ఎవరిని రానివ్వలేదు, ఆ ఆచారం ఎప్పుడు, ఎవరి పూనికతో పోయింది అన్నవీ ఊరి చరిత్రలో భాగాలే.

రికార్డులో లేనిది నీరటికి తెలుసు

తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ ప్రారంభించినప్పుడు చెరువులు, కుంటలు కలిపి 46,531 ఉన్నట్లు లెక్క తేలింది. చెరువు విస్తీర్ణం, ఆయకట్టు అధికారిక రికార్డుల్లో దొరుకుతాయి. కరవు ఏడాది తూము ఎన్నాళ్లకోసారి తెరిచేవారు, చివరి మడికి నీరందకపోతే తగవు ఎలా తీర్చేవారు, మత్తడి దూకిన రోజు ఊరు ఏం చేసేది.. ఇవి చెప్పగలిగినవారు నీరటి పని చేసిన వృద్ధులే. వారితోపాటే ఆ పనికి సంబంధించిన మాటలూ కనుమరుగవుతున్నాయి.

పాఠశాలల్లో ప్రాజెక్టు పనికి చోటు ఉన్నా, చాలాచోట్ల అది ఇంటర్నెట్‌లో దొరికింది అచ్చు తీయించి అట్టకు అతికించడంగా మారిందన్న విమర్శ పాతదే. నీరటి తాత గొంతు ఏ ఇంటర్నెట్ కేంద్రంలోనూ దొరకదు. విద్యార్థి వెళ్లి కూర్చోవాల్సిందే, ఓపికగా వినాల్సిందే. పరీక్షల ఒత్తిడిలో దీనికి సమయం ఎక్కడిదని ఉపాధ్యాయులు అడగడంలో న్యాయముంది. అందుకే దీన్ని అదనపు భారంగా కాక, తెలుగు, సాంఘిక శాస్త్రం ప్రాజెక్టు పనుల స్థానంలోనే చేయించడం మేలు.

వయసు పైబడినవారి జ్ఞాపకంలో ఏళ్లు తారుమారు కావడం సహజం. ఒకరు చెప్పిన విషయాన్ని మరో ఇద్దరిని అడగాలి. వీలున్నచోట రెవెన్యూ, నీటిపారుదల రికార్డులతో సరిచూడాలి. తేడా వస్తే ఆ తేడానూ శ్రోతకు చెప్పాలి.

సమ్మతి లేనిదే సాగరాదు

లైసెన్సు అక్కర్లేదంటే బాధ్యత లేదని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. నేరాలకు గురైన పిల్లల గుర్తింపును వెల్లడించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించింది. బాల్య వివాహం వంటి అంశంపై కార్యక్రమం చేసేటప్పుడు పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. చిన్న ఊళ్లో వీధి, కులం, బంధుత్వం చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. మాట్లాడినవారికి ముందుగా వినిపించి, వద్దన్న భాగం తొలగించాకే బయటికి పంపాలి. ఈ బాధ్యత పిల్లలది కాదు, పాఠశాలది.

ముందుగా ఊరే వినాలి

పాడ్‌కాస్ట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచితే ప్రపంచమంతా వింటుందన్న మాట ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే కథ చెప్పిన అవ్వకు ఆ యాప్ ఉండకపోవచ్చు. మాచునూర్ మహిళలు లైసెన్సు లేని కాలంలో చేసిన పనే ఇక్కడ దారి చూపుతోంది. గ్రామసభలో, బడి వార్షికోత్సవంలో, రచ్చబండ దగ్గర ఒక స్పీకరు పెట్టి వినిపిస్తే చాలు. తప్పుంటే అక్కడికక్కడే దిద్దేవారుంటారు. మరచిపోయింది గుర్తు చేసేవారూ లేస్తారు. రెండో కార్యక్రమానికి ముడిసరుకు అక్కడే దొరుకుతుంది. ఒక ప్రతిని బడిలో, మరొకటి గ్రామ పంచాయతీలో భద్రపరిస్తే, ఫోను పాడైనా గొంతు మిగులుతుంది.

ఊళ్లో ఒక వృద్ధుడు కన్నుమూసిన ప్రతిసారీ ఎక్కడా రాసిపెట్టని చరిత్ర కొంత వెళ్లిపోతోంది. దాన్ని ఆపే సాధనం ఇప్పుడు పిల్లల చేతిలో ఉంది. అడగమని వారిని పంపాల్సింది పెద్దలే.