వేడెక్కిన బుర్ర

మా ఇంట్లో రెండు రకాల జ్వరాలున్నాయి. మనుషులకు వచ్చేది ఫారన్‌హీట్‌లో, మా అబ్బాయి కంప్యూటర్‌కు వచ్చేది సెల్సియస్‌లో. 2021 జులైలో ఒకరోజు మేడ మీద వాడి గదిలోకి వెళ్తే, తెర మీద ఒక మూల 97 అని కనిపించింది. ఒంటి వేడి మామూలుగానే ఉందిలే అనుకుని కిందికొచ్చేశాను. ఇంకో మూడు డిగ్రీలైతే నీళ్ళు మరుగుతాయన్న సంగతి నాకు తట్టనే లేదు.

వాడు చేసిన పని పేరు ఓవర్‌క్లాకింగ్. కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ను పరుగెత్తించడం. కోప్పడే అర్హత నాకూ లేదు లెండి. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏని 300 మెగాహెర్ట్జ్ నుంచి 450కి లాగి, లాటరీ తగిలినంత సంబరపడిన బాపతు నేను. వాడిది ఇంటెల్ ఐ5-9600కె. కంపెనీ లెక్కలో గరిష్ఠం 4.6 గిగాహెర్ట్జ్. వాడు ఆరు కోర్లనూ 5.0 మీద పెట్టాడు. ఆటలు బ్రహ్మాండంగా ఆడుతోంది, ఎప్పుడూ ఆగిపోలేదు కాబట్టి అంతా సవ్యమేనని వాడి నమ్మకం.

ఆ నమ్మకంతోనే అమ్మ క్యాసెట్లు దాని చేతిలో పెట్టాను. నేను రాజమండ్రి నుంచి అమెరికా బయల్దేరే ముందు, 1989లో, అమ్మ చేత పాడించుకున్న మంగళహారతులు, పెళ్ళిపాటలు. మొత్తం పదకొండు. ఒక్కొక్కటీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, జిప్ చేసి, చోటు చాలక అసలు ఫైళ్ళు తీసేశాను. తొమ్మిదో క్యాసెట్ బయటికి తీయబోతుంటే టేపు ప్లేయర్‌లో చిక్కుకుని పుటుక్కున తెగింది. పోనీలే, ఎక్కించేశాంగా అనుకున్నాను. వారం తర్వాత చెల్లెలి ఫోను. "అన్నయ్యా, రెండు ఫైళ్ళు తెరుచుకోవట్లేదు. పాడైపోయాయంటోంది."

అందులో ఒకటి తొమ్మిదోది.

"నాన్నా, నా పీసీ ఒక్కసారి కూడా క్రాష్ అవలేదు," అన్నాడు వాడు, ముఖం చిన్నబుచ్చుకుని. నిజమే. కానీ ఆటలో ఒక చుక్క రంగు తప్పితే ఎవరి కంట పడుతుంది? జిప్ ఫైలులో ఒక్క అంకె తప్పినా అది తెరుచుకోనని మొరాయిస్తుంది.

పిల్లలూ, 5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 500 కోట్ల తాళాలు. ప్రతి తాళానికీ లెక్క పూర్తయి, జవాబు చేరాల్సిన చోటికి చేరాలి. వేగం పెంచితే గడువు తగ్గుతుంది. గడువులోగా చేరేటట్టు చేయడానికి వోల్టేజి పెంచుతారు. వోల్టేజి పెరిగితే వేడి, వేడెక్కితే లోపలి తీగల్లో కరెంటుకు అడ్డు పెరిగి మళ్ళీ ఆలస్యం. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు తెచ్చినట్టు! ఈ చిప్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. అది తగిలితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కానీ తప్పు లెక్కలు అంతకుముందే మొదలుకావచ్చు.

పైగా వాడు ఈ సెట్టింగులన్నీ పరీక్షించి చూసుకున్నది జనవరిలో. గది ఒక డిగ్రీ వేడెక్కితే చిప్ కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. మా డాలస్ జులై సంగతి వేరే చెప్పాలా?

ప్రైమ్95 అనే ప్రోగ్రాం నడిపించాను. పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టినది. జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి, ఏ కోరు తప్పు చెబుతోందో పట్టేస్తుంది. నాలుగు నిమిషాలకే ఒక కోరు దొరికిపోయింది. వాడు మాట్లాడలేదు.

డబ్బా తెరిస్తే కార్పెట్ దుమ్మంతా హీట్‌సింక్ రేకుల మధ్య దూదిలా పేరుకుని ఉంది. గాలి డబ్బాతో ఊదాం. అలా ఊదేటప్పుడు ఫ్యాను రెక్క కదలకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి పాడవుతుంది. ఎండిపోయిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది శనగగింజంత నడిమధ్యన పెట్టాం. రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంటల్లో గాలి ఉండిపోతుంది, గాలి వేడిని సరిగ్గా మొయ్యదు. పేస్టు పని ఆ గుంటలు పూడ్చడమే. కారు చక్రం బిగించినట్టు నాలుగు స్క్రూలూ ఐమూలగా, కొంచెం కొంచెంగా బిగించాం.

అసలు మందు మాత్రం వోల్టేజిలో ఉంది. మదర్‌బోర్డు ఇష్టానికి వదిలేస్తే 1.40 వోల్టులు పోస్తోంది. వేగం 4.8కి దించి, 1.26 పెట్టాం. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగంలో పోయింది నూటికి 4 అయితే వేడిలో తగ్గింది దాదాపు 22. జులై మధ్యాహ్నమే 78 డిగ్రీల దగ్గర నిలబడింది. రాత్రంతా ప్రైమ్95 నడిస్తే ఒక్క తప్పూ లేదు. ఆటల్లో తేడా ఏమైనా ఉందా అని అడిగితే, "తెలియట్లేదు నాన్నా," అన్నాడు.

పాడైన రెండో క్యాసెట్ బాగానే ఉంది కనుక మళ్ళీ ఎక్కించాను. తొమ్మిదోదాన్ని మావాడే విప్పాడు. తెగిన కొసలు కత్తిరించి, వాటికోసమే అమ్మే సన్నటి టేపుతో అతికించి, కొత్త డొక్కులో చుట్టి పెట్టాడు. ఒక సాయంత్రం పట్టింది. ఇప్పుడు పాడుతోంది. తలుపు దగ్గర పాటలో, పెళ్ళికూతురు పేరు చెప్పమని అమ్మ అడిగే చోట అతుకు పడింది. అడిగినంత వరకూ వినిపిస్తుంది. పేరు వినిపించదు.